చాంగీ లష్కర్‌లో మేమిద్దరం

మా అబ్బాయిని సైన్యంలో చేర్చి వచ్చిన రోజు నేను నేరుగా ఇంటికి వెళ్ళలేకపోయాను. హౌగాంగ్‌లో మా ఫ్లాటు తలుపు తీయగానే ఎదురుగా వాడి చెప్పులు కనబడతాయి. ఆ సంగతి తలుచుకుంటేనే కాళ్ళు అటు పడలేదు.

సింగపూర్‌లో ఇది ఇంటింటా జరిగేదే. పద్దెనిమిదేళ్ళు వచ్చిన మగపిల్లలు రెండేళ్ళు సైన్యంలో పనిచేయాలి. బయటినుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళ కొడుకులకూ అదే నియమం. మా వాడు ఇంకా అక్షరాలు దిద్దని వయసులో మేము పి.ఆర్., అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, తీసుకున్నాం. "మీ అబ్బాయి పెద్దయ్యాక సైన్యంలో చేరాల్సి ఉంటుంది, తెలుసు కదా" అని ఆ ఆఫీసులో అమ్మాయి అడిగితే తెలుసన్నాం. నేలమీద కూర్చుని బొమ్మకారు తోసుకుంటున్న వాణ్ణి చూసి మా ఆయన నవ్వాడు కూడా. మాది కర్నూలు. నా వైపు బడిపంతుళ్ళు, ఆయన వైపు బట్టల వ్యాపారులు. తుపాకీని దగ్గరగా చూసినవాళ్ళు రెండు వైపులా లేరు. ఏళ్ళు ఎట్లా గడిచాయో గాని, ఒకరోజు వాడికి పిలుపు రానే వచ్చింది.

చేర్చే రోజున తల్లిదండ్రులను కూడా టెకోంగ్ దీవికి తీసుకువెళతారు. పడవ చాంగీ నుంచి బయలుదేరుతుంది. దీవిలో పిల్లలు పడుకునే గది, ఇనుప మంచాలు, స్నానాల గది అన్నీ చూపించారు. పిల్లలంతా వరుసలో నిలబడి కుడి చెయ్యెత్తి ప్రమాణం చేశారు. నాలుగు వందల గొంతుల్లోనైనా వాడి గొంతు నాకు వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు. తరువాత అందరికీ అక్కడి వంటశాలలోనే భోజనం. నేను ముద్ద ఎత్తలేకపోతే నా పళ్ళెం కూడా వాడే లాక్కుని తినేశాడు.

"టూ వీక్స్ ఓన్లీ లా అమ్మా. తర్వాత బుక్ అవుట్ ఉంటది. డోంట్ క్రై లా, ఎవ్రీబడీ లుకింగ్" అన్నాడు. మొదటి రెండు వారాలూ పిల్లలను ఇంటికి పంపరు. ఆ తరువాతి నుంచి వారం చివర వచ్చి వెళ్ళవచ్చు. దాన్నే వాళ్ళు బుక్ అవుట్ అంటారు. మాట చివర 'లా', 'వాట్' ఇక్కడి ఇంగ్లీషుకు ఊతపదాలు.

"నువ్విట్ల ఏడుస్తాంటే వాడెట్ల పోతాడు మే? రా, పడవకు టైమైతాంది" అని మా ఆయన నా భుజం పట్టుకున్నాడు.

ఇవతలి ఒడ్డుకు చేరాం. ఆయనకు ఆఫీసులో తప్పించుకోలేని మీటింగు ఉంది. టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు. నేను తిండి అంగళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉండే చాంగీ విలేజ్ హాకర్ సెంటర్‌కు నడిచాను. అక్కడ పొద్దుటినుంచి నాకోసం ఆపా కూర్చుని ఉంది.

ఆపా మా పక్క ఫ్లాటు. హైదరాబాదీ ముస్లిములు. ట్యూషన్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. నాకంటే పదేళ్ళు పెద్ద కాబట్టి మొదటి రోజునుంచీ ఆపా, అంటే అక్కా, అనే పిలిచాను. ఆమె నన్ను చెల్లె అంటుంది. మేము ఆ బ్లాకుకు వచ్చేసరికి ఆమె పెద్దకొడుకు హైదరాబాదులో అమ్మమ్మ దగ్గర చదువుకుంటున్నాడు. ఇక్కడ కూతురు ఒక్కతే ఉండేది. మా వాడు బడినుంచి వచ్చాక, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా వాళ్ళింట్లోనే ఉంటూ పెరిగాడు. అందుకే ఆరోజు ఆమెనూ దీవికి రమ్మన్నాం. రేవు దాకా వచ్చింది గాని పడవ ఎక్కలేదు. "నేను ఎక్క చెల్లె. మీరు పోయి రాండి, నేనీడనే ఉంట" అంది. ఎందుకని అడిగే స్థితిలో నేను లేను.

నాకోసం టీ తెప్పించింది. తాగాక, "ఇంటికి పోదామా?" అంది.

"ఇప్పుడే వద్దాపా."

"అయితే నడుద్దాం పా."

హాకర్ సెంటర్ దాటి ఎడమకు తిరిగితే రోడ్డు మెల్లగా గుట్ట ఎక్కుతుంది. ఇరవై ఏళ్ళుగా సింగపూర్‌లో ఉంటున్నా ఆ దారిన నేనెప్పుడూ వెళ్ళలేదు. చాంగీ అంటే మాకు విమానాశ్రయమే. నాలుగడుగులు వేసేసరికి వేరే ఊళ్ళోకి వచ్చినట్టయింది. రోడ్డుకు ఇరుపక్కలా గొడుగుల్లా విచ్చుకున్న పెద్దపెద్ద చెట్లు. వాటి వెనక గడ్డి మైదానాలు. మైదానాల అంచున మూడంతస్తుల తెల్లటి బ్లాకులు, పొడవాటి వరండాలు, మట్టిరంగు పెంకుల కప్పులు. కొన్నింటిలో ఏవో ఆఫీసులున్నాయి. కొన్నింటికి కంచె వేసి తాళం పెట్టారు. మనుషులు మాత్రం లేరు.

ఆపా నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"అరె! ఇది మా లష్కరే గదా!"

లష్కర్ అంటే సికింద్రాబాద్. సైన్యం దిగిన చోటు కాబట్టి పాతవాళ్ళు అట్లాగే పిలుస్తారు. ఆపా పుట్టి పెరిగింది అక్కడి తిరుమలగిరి కంటోన్మెంటులో. వాళ్ళ నాన్న మిలటరీ ఆసుపత్రిలో కాంపౌండరు.

"గీ వరండా చూడు చెల్లె. గీ మెట్లు చూడు. పైన గా చిన్న కిటికీలు చూడు, వేడిగాలి పోనీకి. వాళ్ళు ఏడికి పోయినా ఒకటే నక్ష పట్టుకపోయిన్రు" అంది. మైదానం చూపించి అక్కడ పరేడు చేసేవాళ్ళయి ఉంటారంది. వెనక పొగగొట్టమున్న చిన్న కట్టడం వంటిల్లంది. గుట్టమీద చెట్లలో దాగిన నలుపు తెలుపు బంగళాలు అఫ్సర్లవి అంది. బంగళా వెనక దూరంగా ఒక వరుస గదులు కనిపిస్తే మాత్రం పేరు చెప్పలేదు. "మనోళ్ళు గీడుంటుండె" అంది.

తరువాత నేను చదివి తెలుసుకున్నాను. ఒకప్పుడు ఇక్కడ అడవి, బురదనేల తప్ప ఏమీ లేదట. సింగపూర్ ద్వీపానికి ఇది తూర్పు కొస. సముద్రం మీదుగా వచ్చే శత్రు ఓడలను ఇక్కడే ఆపాలని బ్రిటిష్‌వాళ్ళు చెట్లు కొట్టించి, గుట్టల మీద ఫిరంగులు పెట్టి, సైనికులకోసం ఒక ఊరే కట్టారు. ఆసుపత్రి, ప్రార్థనామందిరం, ఆటస్థలాలు అన్నీ కట్టారు. ఆరోజు మాత్రం నాకు ఆ చరిత్ర ఏదీ తెలియదు. మనిషి పక్కన మనిషి నడుస్తూ గోడల గురించి మాట్లాడుతుంటే నాకు ఊపిరి ఆడింది, అంతే. గంటసేపు తిరిగి బస్సెక్కాం. ఇంటికి వెళ్ళాక చెప్పుల వైపు చూడకుండా లోపలికి పోయాను.

ఆ శనివారం ఆపా తనే తలుపు కొట్టింది. "నడుస్తవా?" అంది. మళ్ళీ చాంగీ వెళ్ళాం. ఈసారి అక్కడి పాత ఫిరంగి చూద్దామనుకున్నాం. అది మేము చూసిన సైనికుల బారకాసులకు దూరం, చాంగీ జైలు దాటిన తరువాత పక్కరోడ్డులో ఉంది. ఎండ మండుతోంది. తలమీదుగా విమానాలు చక్రాలు దించుకుని పోతున్నాయి.

ఫిరంగిని చూసి నేను నిజంగా బెదిరాను. అసలుది కాదట, దాని నమూనా. అసలువాటిని శత్రువుకు దక్కకూడదని కట్టినవాళ్ళే పేల్చేశారట. నమూనా అయితేనేం, గొట్టం మా ఫ్లాటులో ఈ గోడనుంచి ఆ గోడకు వేసినా పట్టదు. పక్కన ఒక గుండు నిలబెట్టి ఉంది. అది దాదాపు నా అంత ఎత్తుంది. యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు సముద్రం వైపు చూస్తూ కూర్చుంటే శత్రువు ఉత్తరాన భూమి మీదుగా వచ్చాడని అక్కడికి వచ్చిన ఒక తండ్రి తన పిల్లలకు చెబుతున్నాడు. పిల్లలు గుండును కావలించుకుని ఫోటో దిగుతున్నారు.

నేను వెనక్కి జరిగి గడ్డిలో కూలబడ్డాను.

"ఇట్లాంటి దాని దగ్గరికి పంపించినానాపా నా కొడుకుని. నా చేతుల్తో నేనే పంపించినా."

ఆపా పక్కన కూర్చుంది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పి నా చేతిలో పెట్టింది.

"నువ్వు పంపినవు చెల్లె. నేను పంపలే" అంది.

అప్పుడు చెప్పింది. ఆమె కాలేజీలో ఉన్న రోజుల్లో శ్రీలంకకు వెళ్ళిన మన సైన్యం తిరిగి వచ్చింది. తిరుమలగిరి ఆసుపత్రిలో వార్డులు నిండిపోయాయి. వాళ్ళ నాన్నకు ఇంటికి వచ్చే తీరిక ఉండేది కాదు. ఈమె టిఫిన్ క్యారియరు పట్టుకుని వార్డు దాకా వెళ్ళేది.

"ఒక పిల్లగాడు నా ఈడోడే ఉంటడు. కాళ్ళు చల్లగైతున్నయి, దుప్పటి జర సర్దు బహెన్ అన్నడు. నేను సర్దబోయిన. ఒక కాలే లేదు చెల్లె. నేను ఉన్నట్టే సర్దిన. షుక్రియా అన్నడు." ఆమె గడ్డిపోచ తెంపి వేలికి చుట్టుకుంది. "అది నా కండ్లల్ల ఉండిపోయింది. ఇక్కడికొచ్చినంక ఫౌజు అన్న మాట వినబడ్డప్పుడల్లా గదే. మా పెద్దోనికి పదమూడు రాకముందే, అది దాటితె ఇడువరని, మా అమ్మ దగ్గరికి పంపేసిన. వాని పి.ఆర్. వాపస్ ఇచ్చేసినం. వాడు పోనని లిఫ్టు కాడ నా చెయ్యి ఇడువలే. వేళ్ళు ఒక్కొక్కటి ఇప్పి లోపలికి తోసిన."

"ఇప్పుడు?"

"ఇప్పుడేముంది. మంచిగ చదివిండు, నౌకరీ చేస్తుండు. ఫోను చేస్తె హౌ అమ్మీ, అచ్ఛా అమ్మీ. అంతే. ఈడికి రమ్మంటె రాడు." హౌ అంటే వాళ్ళ ఉర్దూలో అవునని.

ఇద్దరికిద్దరం ఒకరినొకరం ఓదార్చుకోవలసినవాళ్ళమే. మొన్న నువ్వు తీసిన ఫోటోలు వానికి పంపు ఆపా అన్నాను, ఏదో ఒకటి అనాలని. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె బారకాసులు, మెట్లు, వరండాలు ఫోనులో చాలానే తీసింది. "వానికేం పని వాటితోని" అంది గాని, తిరుగు బస్సులో కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే పంపుతూ కూర్చుంది.

మర్నాడు పదింటికి మా తలుపు దబదబా కొట్టింది. నైటీ మీద దుపట్టా, చేతిలో ఫోను. కొడుకు తిరుమలగిరిలో పాత బారకాసు ఒకటి ఫోటో తీసి పంపాడు. వాడు రోజూ బండి మీద ఆఫీసుకు వెళ్ళే దారేనట అది. ఆదివారమైనా లేచి వెళ్ళి తీసినట్టున్నాడు. కింద ఒకే ముక్క: "అమ్మీ, సీఢ్యాఁ దేఖో. సేమ్." మెట్లు చూడు, అవే అని. ఆపా ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, నాకు పది సార్లు చూపించింది.

రెండు వారాలయ్యాక మా వాడు వచ్చాడు. పడవ దిగిన గుంపులో అందరూ ఒకటే గుండు, ఒకటే నలుపు. వాడే వచ్చి నా ముందు నిలబడేదాకా గుర్తుపట్టలేదు. శనివారమంతా నిద్రపోయాడు. ఆదివారం మధ్యాహ్నం ఆపా ఖట్టీ దాల్, వేయించిన మాంసం చేసి తెచ్చింది. వాడు తింటూ కబుర్లు చెప్పాడు. తన గదిలో ఒకడు రాత్రుళ్ళు నిద్రలో పాటలు పాడతాడట. సార్జెంటు పైకి అరుస్తాడు గాని మంచివాడేనట. బూట్లు అద్దంలా మెరిపించడం నేర్చుకున్నాడట.

ఆపా వడ్డిస్తూ వడ్డిస్తూ అడిగింది. "నీకు పోవాల్నని ఉండెనా బేటా? సచ్ చెప్పు."

"వాంట్ అంటే... నాట్ రియల్లీ లా ఆంటీ. కానీ అమ్మా వాళ్ళు చిన్నప్పుడే అడిగిన్రు కదా. కర్నూలు పోతావా, ఇక్కడుంటావా అని. నేనే ఇక్కడ అన్నా. మై ఫ్రెండ్స్ ఆల్ హియర్ వాట్. సో ఓకే లా." అని ఇంకో ముక్క పళ్ళెంలో వేసుకున్నాడు.

వాడికది గుర్తుందని నేననుకోలేదు. అడిగిన మాట నిజమే. అందులో మా గొప్పతనం ఏమీ లేదు. ఆయనా నేనూ ఎటూ తేల్చుకోలేక, ఒక రోజు భోజనాల దగ్గర వాడి మీదికి తోసేశాం. పన్నెండేళ్ళవాడు చెప్పిన మాటను పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాం. ఆ సంగతి ఆపాకు తరువాత చెప్పాను కూడా. ఆమె వినిపించుకోలేదు. "అయినా అడిగిన్రు గదా" అంది.

ఆ సాయంత్రం వాణ్ణి మళ్ళీ దీవి పడవకు దించడానికి వెళ్ళాం. ఆపా ఈసారి కూడా వచ్చింది. వాడు లోపలికి వెళ్ళాక మేమిద్దరం చాంగీ గుట్ట మీదికి నడిచాం. పైన మూతపడిన పాత ఆసుపత్రి ఉంది. దయ్యాలున్నాయని కుర్రాళ్ళు చెప్పుకునే చోటు. ఆపా కంచె దగ్గర నిలబడి ఆ కిటికీల వైపు చాలాసేపు చూసింది. తరువాత అక్కడే రోడ్డు పక్కన రాతిదిమ్మె మీద కూర్చుని కొడుక్కి ఫోను చేసింది. నేను కొంచెం దూరంగా జరిగాను. ఆమె మాటలు వినబడలేదు. మాట్లాడింది ఎక్కువ, విన్నది తక్కువ. ఫోను పెట్టేసి వచ్చాక, "ఎందుకు పంపిననో చెప్పిన. వార్డుల చూసింది చెప్పిన. ఇన్నేండ్లు చెప్పలే చెల్లె" అంది. వాడేమన్నాడని అడిగాను. "తర్వాత మాట్లాడుత అన్నడు" అంది. ఆమె ముఖంలో దిగులు కనబడింది. ఆ వారమంతా మా ఇంటికి రాలేదు. ఫోటోలు పంపమని ఇదంతా కదిపింది నేనేనని నాకూ లోపల పీకుతూనే ఉంది.

కాని శనివారాలు ఆగలేదు. వారం తిరిగేసరికి మళ్ళీ తనే తలుపు కొట్టింది. అట్లా చాంగీ మాకు అలవాటైంది. మా వాడి మొదటి శిక్షణ అయిపోయింది. చివర పెద్ద నడక నడిచి, టోపీలు గాలిలోకి ఎగరేసే కవాతు చేశారు. ఆరోజు మా ఆయన ఈలలు వేసి పక్కనున్న చైనా ముసలాయన చేత కూడా వేయించాడు. తరువాత మా వాణ్ణి వైద్య సహాయకుల విభాగంలో వేశారు. కట్లు కట్టడం, సెలైను ఎక్కించడం నేర్చుకుంటున్నాడని చెబితే ఆపా "మా అబ్బా కొలువే" అని వాళ్ళ నాన్నను తలుచుకుని మురిసిపోయింది.

అప్పుడే ఒక రోజు ఆమె కొడుకు టికెట్టు కొనుక్కున్నానని కబురు పెట్టాడు. వారం రోజులకు.

వచ్చాడు. పొడవాటి మనిషి, గడ్డం, తక్కువ మాట. తల్లి వంటలకు తలూపాడు. చెల్లెలితో సినిమాకు వెళ్ళాడు. సెరంగూన్ మాల్‌లో అమ్మమ్మకు చెప్పులు కొన్నాడు. తల్లితో మాత్రం మర్యాదగా ఉన్నాడు, చుట్టంలాగా. శనివారం మా వాడికి సెలవు దొరికితే అందరం చాంగీ వెళ్ళాం. హాకర్ సెంటర్‌లో తిని గుట్ట ఎక్కాం. వాన వెలిసి చెట్లనుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. తాళం వేయని ఒక బ్లాకు మెట్ల మీద ఆగాం.

ఆపా కొడుకు మెట్టు అంచును చేత్తో తడిమి చూశాడు. మా వాణ్ణి అడిగాడు, సైన్యంలో ఎట్లా ఉంటుంది, కష్టమా అని. మా వాడు భుజాలెగరేసి, "ఫస్ట్ వన్ మంత్ షాగ్ లా భయ్యా. తర్వాత ఓకే" అన్నాడు. షాగ్ అంటే ఒళ్ళు హూనమవడం. ఆపా కొడుకుకు ఎట్లాగో అర్థమై నవ్వాడు. తరువాత తల్లి వైపు తిరిగాడు.

"అమ్మీ, ఫౌజుకు పోనియ్యలేదని నాకు గుస్సా లేదు. నువ్వు భయపడ్డవు, సమజైంది. ఆరోజు ఫోన్ల చెప్పినప్పుడే సమజైంది. కానీ నన్నెవరూ అడగలే."

ఆపా కొంగు సర్దుకుంది. మేమున్నామని గాని, రోడ్డు మీద మనుషులు పోతున్నారని గాని చూడలేదు.

"హౌ బేటా. అడగలే" అంది.

సర్దిచెప్పలేదు, ఏడవలేదు. వాడు వచ్చి ఆమె పక్క మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె వాడి వీపు మీద చెయ్యి వేసింది. వాడు తీయలేదు. మా వాడు నా చెయ్యి పట్టి లాగాడు. "అమ్మా, కమ్, అటు నడుద్దాం" అన్నాడు మెల్లగా. వాడికి అంత తెలివి ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

మేమిద్దరం మైదానం చుట్టూ ఒక చుట్టు నడిచి వచ్చేసరికి వాళ్ళు హైదరాబాదులో ఏదో ఇల్లు గురించి మాట్లాడుకుంటున్నారు. పాత ఇంటి కప్పు కారుతోందట, మేస్త్రీ దొరకడం లేదట. ఆపా గొంతు పెంచి, "ఆ మేస్త్రీ నక్కో, వాడు చోరుగాడు" అంటోంది. కొడుకు కాదంటున్నాడు. వాళ్ళ వాదన తెగేదాకా మేము చెట్టుకింద నిలబడ్డాం.